కుళాయిలు కట్టేసిన ఊరు

ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది జీతాల పట్టీలో తప్ప బయట వినపడదు. ఆఫీసులో అటెండరు మొదలు డైరెక్టరు దాకా అందరికీ ఆవిడ నాలుగుంపావు మేడమ్. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, వెనక అననివాళ్ళూ లేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ పనిచేసేది రాష్ట్రంలోని ఊళ్ళ జనాభాను అంచనా వేసే ఆఫీసులో. ఇంటింటికీ తిరిగి తలలు లెక్కపెట్టే పెద్ద లెక్క పదేళ్ళకోసారి వస్తుంది. ఈలోగా పుట్టేవాళ్ళు పుడతారు, పోయేవాళ్ళు పోతారు, మూటాముల్లే సర్దుకుని ఊరు మారేవాళ్ళు మారతారు. బళ్ళూ ఆసుపత్రులూ పదేళ్ళు ఆగలేవు కదా. అందుకని ఇరవై ఏళ్ళ క్రితం, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. ఊళ్ళో కరెంటు మీటర్లు ఎన్నున్నాయో కనుక్కోవడం, ఆ అంకెను నాలుగుంపావుతో గుణించడం. ఒక్కో మీటరు వెనక సగటున నాలుగుంపావు మంది బతుకుతున్నారని పాత లెక్కలు తిరగేసి తేల్చింది. పెద్దలు భేష్ అన్నారు. అప్పటినుంచీ ఏ ఊరికి ఏం కావాలన్నా ఆ నాలుగుంపావే దిక్కయింది.

ఇంట్లో మాత్రం ఆ అంకెకు అంత మర్యాద లేదు. నగరం నడిబొడ్డున పాత మేడలో, మూడో అంతస్తులో ఉండేది ముగ్గురు: ఆవిడ, భర్త, అత్తగారు.

"నీ లెక్కన మనింట్లో నాలుగుంపావు మంది ఉండాలిగా. ఆ మిగతా ఒకటింపావు మందీ ఏ గదిలో దాక్కున్నారో చూపించవే, అంట్లైనా తోమిస్తాను," అనేది అత్తగారు.

"అది సగటు, అత్తయ్యా."

"అయితే సగటు మనుషులు అంట్లు తోమరన్నమాట," అని పెద్దావిడ తనలో తాను నవ్వుకునేది.

జాబితాలో నూటపన్నెండు ఊళ్ళున్నాయి. ఆఫీసులో వాటికి పేర్లతో పనిలేదు, ప్రతిదానికీ ఒక వరస నంబరు. ఒకటి అంటే నడిబొడ్డు నగరం. యాభై ఎనిమిది నుంచి ఎనభై ఒకటి దాకా దాని చుట్టూ ఉన్న శివారు ఊళ్ళు. ఇరవై ఏళ్ళలో ఆవిడ వీటిలో ఒక్కదానిలోనూ పనిగట్టుకుని కాలు పెట్టలేదు. అది నేల విడిచి సాము కాదా అని ఒకసారి కొత్తగా వచ్చిన గుమాస్తా అడిగితే, అతనితో వారం రోజులు మాట్లాడలేదు.

ఆ సోమవారం అరవై మూడో ఊరి నుంచి ఒక లావుపాటి కవరు వచ్చింది. అయిదేళ్ళకోసారి జాబితాకు ముద్ర వేసి పై ఆఫీసుకు పంపుతారు. ఈసారి ముద్ర పడేది ఆ శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి. ఒకసారి పడిందంటే మళ్ళీ అయిదేళ్ళ దాకా దేవుడు దిగివచ్చినా అంకె మారదు. యాభై వేలు దాటిన ఊరికి రెండో నీళ్ళ ట్యాంకు మంజూరవుతుంది, దాటని ఊరు ఉన్నదానితోనే సర్దుకోవాలి. అరవై మూడులో మీటర్లు తొమ్మిది వేలు. జనాభా ముప్పై ఎనిమిది వేల రెండొందల యాభై. ఆవిడ స్వయంగా వేసిన అంకె.

కవరులో ఉత్తరం ముక్క ఇలా ఉంది: "అమ్మా, నేను ఈ ఊరి నీళ్ళ ట్యాంకు దగ్గర ఇరవై ఆరేళ్ళుగా పంపు నడుపుతున్నాను. మా ఊళ్ళో ముప్పై ఎనిమిది వేల మందే ఉన్నారని మీరు రాశారట. తప్పు. యాభై వేలు ఎప్పుడో దాటాం. పొద్దున ఎనిమిదికల్లా ట్యాంకు అడుగంటుతోంది. నేను చూడని మనిషి ఈ ఊళ్ళో ఉండొచ్చు గానీ, నా నీళ్ళు తాగని మనిషి లేడు. కాగితాలు పంపుతున్నాను, చూసి మీరే చెప్పండి."

కాగితాలన్నీ గుండ్రంగా, పళ్ళెమంత ఉన్నాయి. ట్యాంకులో నీటి మట్టం ఎంతుందో గీసే యంత్రంలోవి అవి. రోజుకో కాగితం. అది ఇరవై నాలుగు గంటలకు ఒక చుట్టు తిరుగుతుంటే, పెన్ను దాని మీద గీత గీస్తుంది. ట్యాంకు నిండితే గీత అంచుకు వెళుతుంది, ఖాళీ అయితే మధ్యకు జారుతుంది. ఆవిడ పదేళ్ళ నాటి కాగితం పక్కన మొన్నటి కాగితం పెట్టి చూసింది. పాతదాంట్లో పొద్దుటి గీత నెమ్మదిగా వాలుగా దిగింది. కొత్తదాంట్లో బావిలో రాయి పడ్డట్టు పడింది. ఆవిడ కాగితాలు మళ్ళీ కవరులో పెట్టింది, మళ్ళీ తీసింది. ఆ పూట ఇంకే పనీ కాలేదు.

డైరెక్టరు చెడ్డవాడేం కాదు, కాకపోతే మరో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. ఏటికి ఎదురీదే ఓపిక లేదు.

"లీకమ్మా అది," అన్నాడు కాగితం చూస్తూనే. "పాత గొట్టాలు. సగం నీళ్ళు నేలే తాగుతుంటుంది. ఎవరో పంపు నడిపేవాడు రాశాడని ఒక ఊరికి నాలుగుంపావు మార్చామంటే, రేపు మిగతా నూటపదకొండూ వచ్చి నా నెత్తిన కూర్చుంటాయి. ఆ అంకె మీదే కదా, మీరే కాదంటారా?"

ఆవిడకు గుండెలో గుచ్చుకున్నది ఆ చివరి మాటే. తప్పని ఒప్పుకుంటే తప్పు అరవై మూడుది కాదు, తనది. ఇరవై ఏళ్ళదీ.

"వెళ్ళి చూసొస్తాను సార్," అంది.

"చూడండి. యాభై వేలు దాటిందని చూపిస్తే నేనూ సంతకం పెడతాను. దాటలేదా, పాత అంకె పాత చోటే ఉంటుంది. అటూ ఇటూ కాని మార్పులు నాకొద్దు."

బుధవారం ఆవిడ లోకల్ రైలెక్కి అరవై మూడులో దిగింది. దిగిందన్న మాటే గానీ, ఎదురుగా వస్తున్న జనం ఆవిడను రెండుసార్లు మళ్ళీ రైల్లోకే నెట్టారు. మూడోసారి మోచేతులు అడ్డం పెట్టుకుని బయటపడింది.

ఉత్తరం రాసిన పంపు మేస్త్రి ఆవిడ కబురందుకుని స్టేషన్ బయటే ఉన్నాడు. బక్కపలచని మనిషి, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు, జేబులో స్పానరు. పంపు హవుసుకు నడిచి వెళ్ళే దారిలో ఒక ఇంటి ముందు ఆగాడు. గోడకు ఒకటే మీటరు.

"మీ లెక్క ప్రకారం ఇక్కడ ఎంతమంది మేడమ్?"

"నాలుగుంపావు," అని ఆవిడకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"చెప్పులు లెక్కపెట్టండి."

పక్కనుంచి మెట్లు. ఒక్కో అంతస్తులో రెండేసి గుమ్మాలు, ఒక్కో గుమ్మం ముందు చెప్పుల గుట్ట. ఆవిడ మూడంతస్తులూ ఎక్కింది. ఇరవై మూడు జతలు. చంటిపిల్లలవి కలపకుండా. ఆరు పొయ్యిలు, ఆరు కుటుంబాలు, ఒక్క మీటరు. ఇంటాయన ఒక్కో గదీ అద్దెకిచ్చి కరెంటు తీగ మాత్రం లోపల్లోపలే లాగాడు. కింద గుమ్మంలో కూర్చున్న ముసలాయన ఆవిడను చూసి, "గది కావాలా అమ్మా? ఖాళీల్లేవు, మేడ మీద రేకులేస్తున్నారు, వచ్చే నెల రా," అన్నాడు.

పంపు హవుసు చిన్న గది. నేలంతా సన్నగా అదురుతోంది. గోడకు గాజు మూత వెనక ఆ గుండ్రటి కాగితం, దాని మీద నీలం సిరా పెన్ను. మేస్త్రి లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. ట్యాంకులో పధ్నాలుగు లక్షల లీటర్లు పడతాయి. రోజుకు మూడుసార్లు నింపుతాడు, మూడుసార్లూ ఖాళీ అవుతుంది. అంటే నలభై రెండు లక్షలు. పక్కనే ఉన్న స్టాఫు క్వార్టర్లకు వేరే నీళ్ళ మీటరుంది. అందులో ఉండే నూట అరవై మందీ అతనికి పేరు పేరునా తెలుసు. వాళ్ళు మనిషికి రోజుకు ఎనభై అయిదు లీటర్లు వాడుతున్నారు. మిగతా ఊరూ అంతే కదా. భాగించుకోండి అన్నాడు.

ఆవిడ మనసులోనే భాగించింది. నలభై తొమ్మిది వేల నాలుగొందల పైచిలుకు. "యాభై కాలేదుగా?"

"ఆ ఆరొందల మందీ నీళ్ళు పొదుపుగా వాడేవాళ్ళు మేడమ్," అన్నాడు మేస్త్రి ఏమాత్రం తొణక్కుండా.

ఆవిడ నవ్వింది. "యాభై సంగతి తర్వాత మేస్త్రి గారూ. ముందు ఇవి మనుషులు వాడిన నీళ్ళో, నేల తాగిన నీళ్ళో ఎలా తెలియాలి? మా సారు లీకంటున్నారు. ఊరు మొత్తం ఒక్కసారి కుళాయిలు కట్టేస్తే తెలుస్తుంది. గీత ఆగిందా, మనుషులు. జారుతూనే ఉందా, లీకు."

హాస్యానికే అంది. మేస్త్రి హాస్యంగా తీసుకోలేదు. చేతిలో స్పానరు అటూ ఇటూ తిప్పుతూ కాసేపు ఆలోచించాడు.

"అంతేనా? కట్టేయిద్దాం."

"ఊరంతానా?"

"లీకు మన మాట వినదు మేడమ్. మనుషులు వింటారు. శుక్రవారం పొద్దున ఆరింటికి రండి."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆవిడ అత్తగారికి అంతా చెప్పింది. పెద్దావిడ స్టవ్వు మీద పాలు పెట్టి కాపలా కాస్తోంది. తమ మేడలో పదహారు ఇళ్ళకు తొమ్మిదింటికి తాళాలు పడి ఉన్నాయని, ఆ తాళాల వెనకా తొమ్మిది మీటర్లున్నాయని, వాటినీ తాను నాలుగుంపావుతో గుణిస్తోందని చెప్పింది. లేనివాళ్ళను ఇక్కడ రాసింది, ఉన్నవాళ్ళను అక్కడ రాయలేదు.

"పొంగే పాలు అంచు మీదుగానే పోతాయి కదే," అంది అత్తగారు స్టవ్వు తగ్గిస్తూ. "నువ్వు ఇన్నాళ్ళూ గిన్నె మధ్యలోకి చూస్తూ కూర్చున్నావు."

శుక్రవారం మొదటి రైలు దిగేసరికి ప్లాట్‌ఫారం మీద ఇసకేస్తే రాలనంత జనం నగరం వైపు రైలు కోసం నిలబడి ఉన్నారు. రెండు రోజులుగా మేస్త్రి ఆటోకు మైకు కట్టించి వీధి వీధీ తిప్పాడట. బళ్ళో టీచర్లు పిల్లలకు చెప్పారట, పాలవాడు గుమ్మం గుమ్మానా చెప్పాడట. ఇంతా చేసి, చెప్పింది ఒకటే ముక్క: శుక్రవారం ఆరింటికి సైరన్ మోగగానే కుళాయి కట్టండి, మళ్ళీ మోగాక విప్పండి, అయిదు నిమిషాలు, మనం ఉన్నామని చూపించాలి.

ఆవిడకు నమ్మకం లేదు. తన మేడలో మెట్ల మీద లైటు ఆర్పమంటేనే పదహారిళ్ళలో ఒక్కరూ వినరు. పొద్దున ఆరంటే ఊరు ఊరంతా పళ్ళు తోముకుంటూ, స్నానాలు చేస్తూ, పిల్లల్ని తయారుచేస్తూ ఊపిరాడకుండా ఉండే వేళ. అప్పుడు ముక్కూ మొహం తెలియని ఆఫీసుకోసం ఎవరు ఆగుతారు?

గాజు మూత వెనక పెన్ను జారుతోంది, కంటికి కనిపించేంత వేగంగా. ఆరయింది. మేస్త్రి గోడ మీది మీట నొక్కాడు. సైరన్ ఊరి మీదుగా వెళ్ళి, తగ్గి, ఆగింది.

పెన్ను ఇంకొంచెం జారింది. ఇంకొంచెం. జారడం తగ్గింది.

ఆగింది.

ఆవిడ గాజుకు ముక్కు ఆనించి చూసింది. పెన్ను మొరాయించిందేమో అనుకుంది. లేదు, కాగితం తిరుగుతూనే ఉంది, పెన్ను గీస్తూనే ఉంది. కిందికి జారే గీత కాస్తా తిన్నగా వెళుతోంది. చెవులు రిక్కించి వింటే ఊళ్ళో నీళ్ళ చప్పుడన్నదే లేదు. కిటికీలోంచి చూసింది. ఎదురింటి పెరట్లో ఒకావిడ చేతుల నిండా సబ్బు నురగతో, మోచేత్తో కుళాయి అదిమిపెట్టి నిలబడి ఉంది. పక్కింటి అరుగు మీద ఒకాయన సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో ఆకాశం చూస్తున్నాడు. మేడ మీద ఇద్దరు ఆడపిల్లలు బ్రష్షులు నోట్లో పెట్టుకుని మాట్లాడకుండా ఒకళ్ళనొకళ్ళు మోచేతులతో పొడుచుకుంటున్నారు. ఇవి ఆవిడకు కనబడుతున్న నాలుగిళ్ళు. కనబడని వీధులన్నిటిలోనూ, గుమ్మం గుమ్మం వెనకా ఇలాగే చేతులు కుళాయిల మీద ఉన్నాయి. ఆ చేతులన్నీ కలిసి ఈ సన్నటి పెన్నును పట్టుకుని ఆపాయి.

ఆవిడ ఇరవై ఏళ్ళుగా జనం, జనం అని రాస్తోంది. వేలనీ లక్షలనీ కూడింది, గుణించింది, పట్టికల్లో సర్దింది. జనమంటే ఇదని ఆవిడకు ఇప్పుడే తెలిసింది. గుడికి వెళ్ళినా ఎప్పుడూ ఇంత భయమూ ఇంత ఆనందమూ ఒక్కసారి కలగలేదు. రెండు చేతులూ తమంతట తామే దగ్గరికొచ్చాయి.

"మేడమ్," అన్నాడు మేస్త్రి మెల్లగా. "ఏడో నిమిషం."

అయిదు నిమిషాలనే చెప్పారు. ఏడో నిమిషంలోనూ గీత తిన్నగానే ఉంది. సైరన్ మోగేదాకా విప్పవద్దన్నారు, వాళ్ళు విప్పలేదు. రైళ్ళు అందుకోవాల్సినవాళ్ళు, బళ్ళకు వెళ్ళాల్సినవాళ్ళు, ఆవిడ కోసం ఆగి ఉన్నారు.

"అయ్యో, మోగించండి మేస్త్రి గారూ, మోగించండి!"

సైరన్ మోగింది. ఊరంతా ఒక్కసారి గలగలమంది. పెన్ను మునుపటికంటే వేగంగా కిందికి పడింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని లెక్కకు కూర్చుంది. ఎంత ఆనందపడినా అంకెల మనిషి అంకెల మనిషే. ఆ ఏడు నిమిషాల్లో గీత పూర్తిగా తిన్నగా లేదు, వెంట్రుకవాసి జారింది. ఆ వెంట్రుకవాసే అసలు లీకు. రోజు మొత్తానికి లక్ష లీటర్లు. నలభై రెండులో అది తీసేస్తే నలభై ఒక్క లక్షలు. ఎనభై అయిదుతో భాగిస్తే నలభై ఎనిమిది వేల రెండొందల ముప్పై అయిదు.

పెన్సిలు కింద పెట్టింది. యాభై వేలకు పదిహేడొందల అరవై అయిదు తక్కువ. సారు మాట గుర్తొచ్చింది. దాటకపోతే పాత అంకె పాత చోటే. ఊరు ఊరంతా సబ్బు చేతులతో నిలబడి చూపించినా, రేపు పన్నెండింటికి ముప్పై ఎనిమిది వేలకే ముద్ర పడుతుంది, అయిదేళ్ళ దాకా.

"తగ్గిందండీ," అంది.

మేస్త్రి కాగితం వంక చూశాడు. అంకె వంక చూశాడు. స్టూలు మీద కూలబడ్డాడు. తర్వాత మొహం ఎత్తకుండానే అన్నాడు.

"కొండవాలు వీధులు ఇందులో లేవు మేడమ్."

"అంటే?"

"ఊరి చివర, ఎత్తు మీద నాలుగు వీధులు. జనం పెరిగి ట్యాంకు తొందరగా దిగిపోతుంటే అక్కడికి నీళ్ళెక్కడం మానేశాయి. ఎలాగూ ఎక్కవు, గొట్టంలో గాలెందుకని మూడేళ్ళ క్రితం ఆ వాల్వు నేనే కట్టేశాను. వాళ్ళు కింద చేతిపంపు దగ్గర పట్టుకుంటారు. నా నీళ్ళు తాగని మనిషి లేడని మీకు రాశానే, సిగ్గులేకుండా! రోజూ ఈ పెన్నునే చూసి చూసి, పెన్నులో లేనివాళ్ళను నేనే మర్చిపోయాను."

అతన్ని అనడానికి ఆవిడకు మొహం ఎక్కడిది? తాను మీటరు చూసింది, అతను పెన్ను చూశాడు. ఎవరికి ఎక్కువగా నీళ్ళు కావాలో వాళ్ళు రెండింటిలోనూ లేరు.

"ఎంతమంది ఉంటారు?"

"ఏమో మేడమ్. ఎవరూ లెక్కపెట్టలేదు."

ఆవిడ లేచి, సంచీలోంచి తెల్లకాగితాలు తీసింది. "పదండి. నేనొక వైపు, మీరొక వైపు. ఇంటికెంతమంది, ఎవరెవరు, అన్నీ రాయాలి. ఉజ్జాయింపు మాటలొద్దు."

కొండవాలు మొదటి వీధి మెట్లెక్కేసరికి ఆవిడకు ఆయాసం వచ్చింది. అదే మెట్ల మీద ఒక ఇల్లాలు తల మీదొక బిందె, చంకనొక బిందెతో ఆవిడను దాటుకుని పోయింది. ఆ ఇల్లాలి ఇంటితోనే మొదలుపెట్టింది. గుమ్మం పక్కన తుప్పుపట్టిన కుళాయి ఉంది. దాని కింద తొట్టిలో చెత్త చీపురు పెట్టుకున్నారు.

"ఇంట్లో ఎంతమందమ్మా?"

"తొమ్మిది మందిమి," అంది ఇల్లాలు బిందెలు దించుతూ. "పొద్దున సైరన్ మోగించింది మీ ఆఫీసేనా? మేమూ కట్టేశాం."

ఆవిడకు అర్థం కాలేదు. "ఏం కట్టేశారు?"

"కుళాయి. మా ఆయన సైరన్ మోగగానే వచ్చి గట్టిగా తిప్పి పట్టుకున్నాడు. తుప్పు పట్టి తిరగనంది, అయినా తిప్పాడు. మా వీధంతా కట్టేశారు."

"ఇందులో నీళ్ళు రావు కదమ్మా?"

"రాకపోతే?" ఇల్లాలు ఆవిడ వైపు కొత్తగా చూసింది. "ఊరంతా కట్టమన్నారుగా. మేం ఊళ్ళోవాళ్ళం కామా ఏంటి?"

వెనక నిలబడ్డ మేస్త్రి పక్కకు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మూడేళ్ళుగా చుక్క రాని కుళాయిని పట్టుకుని, ఏ పెన్నుకూ కనబడకుండా, వీళ్ళూ ఏడు నిమిషాలు నిలబడ్డారు. ఆవిడ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. ఇల్లాలు కంగారుపడి గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఎంత దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్ళో ఆవిడ ఇప్పుడే చూసింది. ఒక్క చుక్క కూడా కింద పడకుండా తాగింది.

"పేర్లు చెప్పమ్మా," అంది. "పెద్దవాళ్ళతో మొదలుపెట్టు."

అలా మొదలైంది. ఎండెక్కింది. ఒక ఇంట్లో పదకొండు మంది, ఒక ఇంట్లో అయిదు. ఒక ఇంట్లో కవలలు. ఒకర్నే రెండుసార్లు రాశానేమోనని అనుమానపడి మళ్ళీ పిలిపించి, పక్కపక్కన నిలబెట్టి చూసింది. బట్టలు కుట్టేవాళ్ళు, లారీలు తోలేవాళ్ళు, నగరంలో ఆసుపత్రి నేల తుడిచేవాళ్ళు. నగరంలో అద్దెలు భరించలేక ఇటొచ్చినవాళ్ళు, ఊళ్ళలో పని లేక అటునుంచి వచ్చినవాళ్ళు. ఎవరిని అడిగినా మూడేళ్ళు, అయిదేళ్ళు అనే చెప్పారు. రాష్ట్రమంతా నడిచి నడిచి ఈ అంచులకొచ్చి సంచులు దించుకుంది, ఆవిడ కిటికీలోంచి చూస్తే కనబడేంత దగ్గర్లో. ఇలాంటి అంచులు ఇంకా ఇరవై మూడున్నాయి. ఒక్కో గుమ్మం దగ్గరా ఆవిడకు ఆశ్చర్యం తరగలేదు సరికదా, పెరిగింది. ఇంతమందా! ప్రతి ఒక్కరికీ ఒక పేరు, ఒక మంచం మూల, ఒక గ్లాసు.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి డైరెక్టరు ఫోన్ చేశాడు. "ఏమైందమ్మా? రాయమంటారా పాత అంకె?"

"ఆగండి సార్. లెక్కపెడుతున్నాను."

"ఎలా?"

"వేలు పెట్టి చూపిస్తూ సార్."

"సరే, రేపు పన్నెండు," అని ఫోన్ పెట్టేశాడాయన.

ఎండ వాలేవేళకు ఇద్దరి కాగితాలూ కలిపి కూడారు. పదిహేడొందల యాభై ఎనిమిది. దాటడానికి ఇంకా ఎనిమిది మంది కావాలి. మూడో వీధి సగంలో ఒక రేకుల ఇల్లు. ముసలమ్మ బయటికొచ్చి చెప్పింది. తాను, కోడలు, కోడలి తమ్ముడు, మనవలు నలుగురు. ఏడుగురు. సరిగ్గా యాభై వేలు. ఇంకొక్కరు.

మేస్త్రి పక్కింటి వైపు అడుగేశాడు. ముసలమ్మ గుమ్మంలోంచి పిలిచింది.

"ఇదిగో అమ్మా, లోపల మావాడొకడు పడుకుని ఉన్నాడు. రాత్రి డ్యూటీ చేసొచ్చాడు. పడుకున్నవాళ్ళు లెక్కలోకి వస్తారా?"

ఆవిడ తలుపు పక్కనుంచి లోపలికి తొంగిచూసింది. చాప మీద ఒక మనిషి బోర్లా పడుకుని, మొహం మోచేతిలో దాచుకుని గాఢనిద్రలో ఉన్నాడు. కనబడుతున్నవి రెండు అరికాళ్ళు, పగుళ్ళలో సిమెంటు. ఊపిరి తీసినప్పుడల్లా వీపు కొంచెం లేస్తోంది, కొంచెం దిగుతోంది. ఊరి కోసం తానేం చేశాడో అతనికి తెలియదు. ఆవిడ ఆ వీపు వంక చూస్తూ అలా నిలబడిపోయింది.

"వస్తారమ్మా," అంది గొంతు తగ్గించి. "లేపకండి. పేరు మీరు చెప్పండి."

రాసుకుంది. మేస్త్రి కాగితంలోకి తొంగిచూసి, పెదవులతోనే అంకె పలికి, మెట్ల మీద చతికిలబడి నవ్వాడు. ఆ నవ్వు ఏడుపులా వినిపించింది. "దాటేశాం మేడమ్! దాటేశాం! ఇక చాలు, పదండి, ఆరింటి రైలుంది."

ఆవిడ కదల్లేదు. ముందు సగం వీధి ఉంది, దాని వెనక ఇంకో వీధి మొత్తం ఉంది. గుమ్మాల్లో మనుషులు నిలబడి ఇటే చూస్తున్నారు. కొందరు అప్పటికే ఇంట్లోవాళ్ళందర్నీ బయటికి పిలిచి, చిన్నవాళ్ళను ముందు, పెద్దవాళ్ళను వెనక వరసగా నిలబెట్టారు. ఒకావిడ పిల్లవాడి తల దువ్వుతోంది.

"మేడమ్, ట్యాంకొచ్చేసింది కదా," అన్నాడు మేస్త్రి.

"వాళ్ళు ఎదురుచూస్తున్నారు మేస్త్రి గారూ," అంది ఆవిడ. కొత్త కాగితం తీసి, పక్క గుమ్మం వైపు నడిచింది.